అమెరికాలో ఏ కాగితం జేబులో ఉండాలి, ఏది ఇంట్లో ఉండాలి: సమగ్ర మార్గదర్శి

"బయటికెళ్తే పాస్‌పోర్టు వెంట పెట్టుకోవాలా?" ఈ మధ్య నన్ను ఇంత తరచుగా అడుగుతున్న ప్రశ్న ఇంకొకటి లేదు. చదువుకోవడానికి వచ్చిన పిల్లలు అడుగుతున్నారు, హెచ్-1బి మీద పదేళ్లుగా ఉన్నవాళ్లు అడుగుతున్నారు, ఊరినుంచి అమ్మానాన్నల్ని తెచ్చుకున్నవాళ్లయితే ఇంకా ఆందోళనగా అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకంటే వరసగా రాసిపెడితే మేలనిపించింది.

అసలు కాగితం ఏదో తెలియకపోవడం వల్లే సగం గందరగోళం. అది వీసా స్టాంపు కాదు, డ్రైవింగ్ లైసెన్సూ కాదు. గ్రీన్‌కార్డు లేని మనవాళ్లలో ఎక్కువమందికి అది ఐ-94, అంటే దేశంలోకి ఎప్పుడు వచ్చారో, ఎన్నాళ్లు ఉండవచ్చో చెప్పే ప్రవేశ రికార్డు. ముందు దాన్ని సరిగ్గా తీసి పెట్టుకుంటే మిగతా పనులన్నీ తేలిక.

1. చట్టం ఏమంటోంది

1952 నాటి ఇమిగ్రేషన్ అండ్ నేషనాలిటీ చట్టం 264(ఇ) సెక్షన్ ప్రకారం, 18 ఏళ్లు నిండిన విదేశీయులు తమ రిజిస్ట్రేషన్ రుజువును ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలి. నిబంధన పాతదే. 2025 ఏప్రిల్ 11 నుంచి కొత్త రిజిస్ట్రేషన్ నిబంధనలు అమల్లోకి వచ్చాక దీన్ని గట్టిగా గుర్తుచేస్తున్నారు. దగ్గర లేకపోతే అది చిన్న నేరం కిందికి వస్తుంది. 5,000 డాలర్ల దాకా జరిమానా గానీ, 30 రోజుల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు.

రిజిస్ట్రేషన్ అనగానే కొత్తగా ఎక్కడికో వెళ్లి పేరు నమోదు చేయించుకోవాలని కంగారుపడకండి. వీసా మీద వచ్చి ఐ-94 ఉన్నవాళ్లు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు, ఈఏడీ కార్డు (పని చేయడానికి అనుమతి కార్డు) ఉన్నవాళ్లు రిజిస్టర్ అయినట్టే లెక్క. మీ పని దాని రుజువు దగ్గర పెట్టుకోవడమే.

వీసా స్టాంపు దేశంలోకి రావడానికి తలుపు తట్టే హక్కు మాత్రమే. లోపలికి వచ్చాక ఎన్నాళ్లు ఉండవచ్చో చెప్పేది ఐ-94. స్టాంపు గడువు అయిపోయినా ఐ-94 చెల్లుతుంటే ఇక్కడ ఉండటానికి ఇబ్బంది లేదు. స్టాంపు పదేళ్లు ఉండి ఐ-94 గడువు నిన్నటితో అయిపోతే మాత్రం పెద్ద ఇబ్బందే. బి-2, అంటే సందర్శక వీసా మీద వచ్చిన పెద్దవాళ్ల విషయంలో ఈ పొరపాటు చాలా జరుగుతుంది. పదేళ్ల వీసా అంటే పదేళ్లు ఉండొచ్చని కాదు. సాధారణంగా ఒకసారి వస్తే ఆరు నెలలు ఇస్తారు.

2. ఐ-94 తీయడం

విమానంలో వచ్చినవాళ్లకు ఇప్పుడు ఐ-94 కాగితంగా ఇవ్వరు, కంప్యూటర్లో నమోదవుతుంది. కస్టమ్స్ అండ్ బోర్డర్ ప్రొటెక్షన్, అంటే సీబీపీ వారి ఐ-94 సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. సైట్ పేరు చివర డాట్ గవ్ ఉందో లేదో చూసుకోండి. అదే పనికి డబ్బులడిగే ప్రైవేటు సైట్లున్నాయి, వాటి జోలికి వెళ్లొద్దు.

వరస ఇది:

1. దేశంలోకి వచ్చినప్పుడు చూపించిన పాస్‌పోర్టు తీసుకోండి. ఆ తర్వాత కొత్తది వచ్చి ఉంటే, ముందు పాత నంబరుతోనే వెతకండి.
2. పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు, దేశం నింపండి. మన పాస్‌పోర్టులో రోజు ముందు ఉంటుంది, అమెరికాలో నెల ముందు రాస్తారు. 05/08 అంటే మనకు ఆగస్టు 5, వాళ్లకు మే 8.
3. ఇటీవలి ఐ-94 రాగానే పేరు, పుట్టిన తేదీ, వీసా తరగతి, ఉండటానికి అనుమతించిన చివరి తేదీ చూడండి. ఎఫ్-1 విద్యార్థులకు తేదీ బదులు సాధారణంగా డి/ఎస్ (విద్యార్థి స్టేటస్ ఉన్నన్నాళ్లు) అని ఉంటుంది, కంగారుపడకండి.
4. పీడీఎఫ్ దాచుకోండి. రెండు ప్రింట్లు తీయండి.

ఇదంతా ఇంటికి చేరిన రోజో మర్నాడో చేసేయండి. ప్రయాణం బడలికలో వాయిదా వేస్తే ఆరు నెలల దాకా గుర్తురాదు.

"రికార్డు దొరకలేదు" అని వస్తే

మన పేర్ల దగ్గరే ఇది తరచుగా ఆగిపోతుంది. ఇంటిపేరు ముందు, పేరు రెండు ముక్కలు, చివర రెడ్డో రావో కుమారో, కొందరి పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీ. ఒక్కొక్కటీ మార్చి చూడండి:

- పేరులో రెండు మూడు ముక్కలుంటే అన్నీ ఫస్ట్ నేమ్ గడిలోనే రాయండి. వెంకట ఒక చోట, సత్యనారాయణ ఇంకో చోట వేయకండి.
- అప్పటికీ రాకపోతే ముక్కల మధ్య ఖాళీ తీసేసి కలిపి రాయండి.
- పాస్‌పోర్టులో ఇంటిపేరు ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో పేరంతా ఇంటిపేరు గడిలోకి వెళ్లి, పేరు గడిలో ఎఫ్‌ఎన్‌యూ అని పడుతుంది. పేరు తెలియదు అనడానికి వాళ్ల పొట్టి రూపం అది. సైట్‌లో కూడా అలాగే నింపండి.
- వీసా స్టాంపు అడుగున రెండు వరసల్లో బాణం గుర్తులతో అక్షరాలుంటాయి. అక్కడ పేరు ఎలా ఉందో చూసి దాన్నే వాడండి.
- ఇంటిపేరు, పేరు తారుమారు చేసి చివరిసారి ప్రయత్నించండి.

దొరికిన రికార్డులో తరగతో తేదీయో తప్పుగా ఉంటే ఊరుకోవద్దు. పెద్ద విమానాశ్రయాల దగ్గర సీబీపీ డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ కార్యాలయాలుంటాయి, వాళ్లు పడిన పొరపాటు దిద్దుతారు. పాస్‌పోర్టు, వీసా, ఐ-797 (ఇమిగ్రేషన్ దరఖాస్తు మీద ప్రభుత్వం పంపే నోటీసు) చూపించాలి.

3. రెండు ఐ-94లు ఉంటే ఏది చెల్లుతుంది

హెచ్-1బి వాళ్లు ఈ భాగం నెమ్మదిగా చదవండి. అనుభవమున్నవాళ్లు కూడా ఇక్కడ పొరబడుతుంటారు.

దేశంలో ఉండగానే పొడిగింపో, స్టేటస్ మార్పో, కంపెనీ మార్పో జరిగితే ఐ-797ఏ అనే ఆమోదం నోటీసు వస్తుంది. ఆ కాగితం కింది భాగాన్ని జాగ్రత్తగా చూడండి. చింపుకునేందుకు వీలుగా గీత ఉండి, దాని కింద మీ పేరు, ఒక నంబరు, కొత్త గడువు ఉంటాయి. మీ కొత్త ఐ-94 అదే. చాలామంది పై భాగం చదివి ఫైల్లో పెట్టేసి, సీబీపీ సైట్‌లోంచి పాతది తీసి జేబులో పెట్టుకుంటారు. అది గడువైపోయిన కాగితం.

ఆ తర్వాత ఇండియా వెళ్లి వస్తే లెక్క మళ్లీ మారుతుంది. తిరిగి వచ్చిన రోజు విమానాశ్రయంలో ఇచ్చిన ఐ-94 ముందుదాన్ని పక్కకు నెడుతుంది. చివరగా ఏది వచ్చిందో అదే చెల్లుతుందని గుర్తుపెట్టుకోండి.

ప్రమాదం ఎక్కడంటే, మీ పాస్‌పోర్టు గడువు దగ్గర పడితే, కంపెనీ వేసిన హెచ్-1బి పిటిషన్ గడువు ఇంకా రెండేళ్లున్నా అధికారి ఐ-94ను పాస్‌పోర్టు గడువు తేదీకే కుదించవచ్చు. చేతిలో ఐ-797 ఉంది కదా అనే ధీమాతో దాన్ని చూసుకోనివాళ్లు, తెలియకుండానే గడువు దాటి ఉండిపోతారు. పాస్‌పోర్టుకు ఏడాదిలోపు గడువుంటే ప్రయాణానికి ముందే రెన్యూ చేయించుకోండి.

4. ఎవరి జేబులో ఏముండాలి

*గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు*
- అసలు కార్డు. జిరాక్సు సరిపోదు.
- కార్డు గడువై ఐ-90 (కొత్త కార్డుకు దరఖాస్తు) వేసి ఉంటే, పాత కార్డుతో పాటు రసీదు నోటీసు. ఆ నోటీసులో గడువు పొడిగింపు రాసి ఉంటుంది.

*హెచ్-1బి, హెచ్-4, ఎల్-1 వాళ్లు*
- చెల్లుతున్న ఐ-94 ప్రింటు, లేదా ఐ-797ఏ కింది భాగం
- పాస్‌పోర్టు ఫొటో పేజీ, వీసా పేజీల జిరాక్సు
- రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు గానీ ఐడీ గానీ
- పొడిగింపు పెండింగులో ఉంటే ఐ-797సీ రసీదు కాపీ. గడువులోపే వేసిన హెచ్-1బి పొడిగింపు మీద అదే కంపెనీలో 240 రోజుల దాకా పని చేయవచ్చు.

*ఎఫ్-1 విద్యార్థులు*
- ఐ-94 ప్రింటు
- ఐ-20 (కాలేజీ ఇచ్చే విద్యార్థి పత్రం) కాపీ. ఊరు దాటితే అసలుదే తీసుకెళ్లండి.
- ఓపీటీలో (చదువుకు సంబంధించిన తాత్కాలిక ఉద్యోగ అనుమతి) ఉంటే ఈఏడీ కార్డు, అసలుది
- కాలేజీ ఐడీ. అదనంగా ఉంటుందంతే, చట్టం అడిగే కాగితం ఇది కాదు.

*గ్రీన్‌కార్డుకు ఐ-485 వేసినవాళ్లు*
- ఈఏడీ గానీ కాంబో కార్డు (పని, ప్రయాణ అనుమతులు కలిసి ఉన్నది) గానీ ఉంటే అసలుది, దాంతో పాటు ఐ-485 రసీదు కాపీ

*పిల్లలు*
- 18 నిండేవరకూ వెంట ఉంచుకోవాల్సిన నిబంధన వర్తించదు. అయితే ఇక్కడ ఉండగా 14 నిండిన పిల్లలకు 30 రోజుల్లోపు మళ్లీ రిజిస్టర్ చేయించాలి: గ్రీన్‌కార్డుంటే ఐ-90తో, లేకపోతే జి-325ఆర్ ఫారంతో. పద్నాలుగో పుట్టినరోజు తేదీని ఇప్పుడే ఫోన్లో పెట్టుకోండి.

అసలు పాస్‌పోర్టు సంగతి ఏమిటంటారా? ఆఫీసుకు, కూరగాయలకు, గుడికి వెళ్లడానికి నేను వెంట పెట్టుకోను. ఐ-94 ప్రింటు, పాస్‌పోర్టు జిరాక్సు, లైసెన్సు ఉంటే చాలని నా అభిప్రాయం. రోజూ వెంట తిప్పితే పాస్‌పోర్టు పోగొట్టుకునే అవకాశమే ఎక్కువ. పోతే వచ్చే తిప్పలేమిటో 9వ భాగంలో చూస్తారు. కొందరు లాయర్లు అసలుదే దగ్గర పెట్టుకోమంటారు. మీ కేసులో ఏదైనా చిక్కుంటే మీ లాయరు మాటే వినండి.

5. మూడు చోట్లు

ఒంటి మీద: పై జాబితా. ఐ-94ను నాలుగు మడతలు పెట్టి చిన్న జిప్ కవర్లో పెడితే పర్సులో పడుతుంది, చెమటకు తడవదు. ఏడాదికోసారి కొత్త ప్రింటు పెట్టుకోండి, మడతల దగ్గర నంబర్లు చెరిగిపోతాయి. అసలు కాగితాలకు లామినేషన్ చేయించవద్దు.

ఇంట్లో: పాస్‌పోర్టులు (వీసా ఉన్న పాతదాంతో సహా), అన్ని ఐ-797లు, పెళ్లి సర్టిఫికెట్, పుట్టిన తేదీ సర్టిఫికెట్లు, డిగ్రీలు. సోషల్ సెక్యూరిటీ కార్డు కూడా ఇక్కడే ఉండాలి. దాన్ని పర్సులో పెట్టుకుని తిరిగేవాళ్లను ఇప్పటికీ చూస్తున్నాను. నంబరు గుర్తుంటే చాలు, కార్డుతో రోజువారీ పని ఉండదు.

దూరంగా: అన్నిటి స్కాన్లూ పాస్‌వర్డు ఉన్న చోట దాచి, నమ్మకమైన ఒక్కరికి అందుబాటులో ఉంచండి. కుటుంబ వాట్సాప్ గ్రూపులో పాస్‌పోర్టు ఫొటో పెట్టకండి. పెట్టాక అది ఎన్ని ఫోన్లలో చేరిందో మీరు చెప్పలేరు.

కారు గ్లవ్ బాక్సులో ఇవేవీ ఉంచవద్దు. దొంగలు మొదట చూసే చోటు అదే. ఫోన్లో ఫొటో ఒక్కటే ఉంటే సరిపోతుందని కూడా అనుకోకండి. చార్జింగు అయిపోవచ్చు, పైగా తాళం తీసిన ఫోను ఇంకొకరి చేతిలో పెట్టాల్సి వస్తుంది.

6. అమ్మానాన్నలు వచ్చినప్పుడు

పోయినసారి మా మామగారు వచ్చినప్పుడు సాయంత్రం వాకింగుకు వెళ్లి దారి తప్పారు. ఈ కాలనీల్లో ఇళ్లన్నీ ఒక్కలాగే ఉంటాయి కదా. ఓ పార్కు బెంచీ మీద కూర్చున్నారు. ఎవరో చూసి ఫోన్ చేస్తే పోలీసాయన వచ్చి మర్యాదగానే అడిగాడు, పేరేమిటి, ఇల్లెక్కడ అని. మామగారి జేబులో రుమాలూ కళ్లజోడు డబ్బా తప్ప ఏమీ లేవు. ఫోను ఇంట్లో చార్జింగుకు పెట్టి వెళ్లారు. ఆ యాస అర్థంకాక అడిగినదానికల్లా "యస్, యస్" అన్నారట. పక్కింటివాళ్లు గుర్తుపట్టి తీసుకొచ్చారు. ఆ రోజంతా ఆయన అన్నం సరిగ్గా తినలేదు.

ఆ "యస్" గురించే నా భయం. "నువ్వు సిటిజనువా?" అన్న ప్రశ్నకు కూడా అదే జవాబు వస్తే? పౌరుడు కాకుండా పౌరుణ్నని చెప్పుకోవడం ఇమిగ్రేషన్ చట్టంలో చాలా తీవ్రమైన విషయం, ముందు ముందు వీసాలకూ గ్రీన్‌కార్డుకూ శాశ్వతంగా అడ్డుపడగలదు. అర్థంకాక తలూపారని తర్వాత నిరూపించుకోవడం తేలిక కాదు.

మర్నాడు నేను చేసినవి ఇవి, మీరు వాళ్లు వచ్చిన మొదటి వారంలోనే చేయండి:

1. ఒక్కొక్కరికీ విడిగా జిప్ కవరు. అమ్మది నాన్న జేబులో ఉంటే లాభం లేదు. ఇద్దరూ వేరే వేళల్లో బయటికెళ్తారు.
2. అందులో ఐ-94 ప్రింటు, పాస్‌పోర్టు ఫొటో పేజీ, వీసా పేజీల జిరాక్సులు.
3. ఒక అట్టముక్క మీద పెద్ద ఇంగ్లీషు అక్షరాలతో వాళ్ల పేరు, మీ ఇంటి చిరునామా, మీ నంబరు, మీ ఇంట్లో ఇంకొకరి నంబరు, "ఈయన భాష తెలుగు, దుబాసీని పిలవండి" అన్న వాక్యం.
4. అట్ట వెనకవైపు బీపీ, షుగరు, వాడే మందులు, అలర్జీలు. పోలీసుల కంటే అంబులెన్సువాళ్లకే ఇది ముందు పనికొస్తుంది.
5. ఒక్క వాక్యం కంఠతా పట్టించండి: "ఐయామ్ విజిటర్. ప్లీజ్ కాల్ మై సన్." కూతురింటికి వచ్చి ఉంటే "డాటర్". అర్థంకాని ప్రశ్నకు "యస్" అనకుండా ఇదే చెప్పమనండి. పది రోజులు భోజనాల దగ్గర సరదాగా అడుగుతుంటే వచ్చేస్తుంది.
6. కవరు ఎక్కడ పెట్టుకుంటారో వాళ్లనే అడగండి. మామగారు చొక్కా పై జేబు అన్నారు. అత్తగారు నడక బూట్ల పక్కన కొక్కేనికి చిన్న సంచీ తగిలించుకున్నారు, బూట్లు వేసుకునేటప్పుడే మెడలో వేసుకుంటారు. వాళ్లు ఎంచుకున్న చోటైతే మరిచిపోరు.

ఆరు నెలలు దాటి ఉండేందుకు ఐ-539 వేస్తే, గడువులోపే వేయాలి. రసీదు రాగానే దాని కాపీ కూడా కవర్లో చేర్చండి.

7. ఊరు దాటేటప్పుడు

దేశంలోపలే తిరుగుతున్నాం కదా అనుకుంటారు గానీ, దక్షిణ సరిహద్దుకు దగ్గరగా హైవేల మీద బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్టులుంటాయి. డాలస్, హ్యూస్టన్ మనవాళ్లు సెలవులకు వెళ్లే చోట్లే అవి. సౌత్ పాడ్రే ఐలాండ్ నుంచి తిరిగి వస్తుంటే 77వ నంబరు హైవే మీద సరిటా దగ్గర, లేదా 281 మీద ఫాల్‌ఫురియస్ దగ్గర. న్యూమెక్సికోలో వైట్ శాండ్స్ చూసి లాస్ క్రూసెస్ వైపు వస్తే 70వ నంబరు హైవే మీద. బిగ్ బెండ్ నుంచి ఉత్తరానికి వచ్చేటప్పుడు కూడా.

ఇలాంటి ప్రయాణాలకు జిరాక్సులు నమ్ముకోవద్దు. కార్లో ఉన్న పెద్దవాళ్లందరి అసలు పాస్‌పోర్టులు, ఐ-94 ప్రింట్లు, అసలు ఐ-797 లేదా ఐ-20 ఒకే కవర్లో, డిక్కీలో కాకుండా ముందు సీట్లో చేతికందేలా పెట్టండి. అధికారి మొదట అడిగేది "యూఎస్ సిటిజన్సా?" అనే. డ్రైవరు అందరి తరఫునా తలూపకూడదు. ఎవరికి వారు తమ స్టేటస్ చెప్పాలి. వెనక సీట్లో నిద్రపోతున్న నాన్నను చెక్‌పోస్టుకు ముందే లేపండి.

దేశంలోపలి విమానాలకు 2025 మే 7 నుంచి రియల్ ఐడీ, అంటే ఫెడరల్ ప్రమాణాలకు సరిపడే గుర్తింపు కార్డు నిబంధన అమల్లో ఉంది. మీ లైసెన్సు పైభాగంలో నక్షత్రం ఉంటే అది చాలు. లేకపోతే అసలు పాస్‌పోర్టు గానీ, గ్రీన్‌కార్డు గానీ, ఈఏడీ గానీ చూపవచ్చు. అమ్మానాన్నలకు ఇండియా పాస్‌పోర్టు పనికొస్తుంది.

8. ఎవరైనా అడిగితే

- ట్రాఫిక్ పోలీసు ఆపితే చేతులు స్టీరింగు మీద ఉంచండి. అడిగాకే, చెప్పి మరీ కాగితాలు తీయండి. లైసెన్సు, ఇన్సూరెన్సు, కారు రిజిస్ట్రేషన్ ఇవ్వండి. అడగని ఇమిగ్రేషన్ కాగితాలు మీరే ముందుకు చాచనక్కర్లేదు.
- ఇమిగ్రేషన్ అధికారి అడిగితే రిజిస్ట్రేషన్ రుజువు చూపండి. అంతకుమించిన ప్రశ్నలకు మౌనంగా ఉండే హక్కు, లాయరుతో మాట్లాడతాననే హక్కు మీకున్నాయి. మౌనంగా ఉండొచ్చు, అబద్ధం మాత్రం చెప్పకూడదు. వేరేవాళ్ల కాగితాలు చూపకూడదు.
- "నేను వెళ్లవచ్చా?" అని అడగండి. వెళ్లమంటే నెమ్మదిగా వెళ్లిపోండి.
- అర్థంకాని కాగితం మీద సంతకం పెట్టకండి.
- పట్టుకుని ఉంచితే, ఇండియన్ కాన్సులేట్‌కు తెలియజేయమని మీరే అడగాలి. వియన్నా ఒప్పందం 36వ అధికరణం ఆ హక్కు ఇస్తోంది. కొన్ని దేశాలవాళ్ల విషయంలో అమెరికా తప్పనిసరిగా కబురు చేయాలి గానీ, మన దేశం ఆ జాబితాలో లేదు. మీరు అడగకపోతే కబురు వెళ్లకపోవచ్చు.
- ఇంట్లోవాళ్ల నంబరు ఒకటి, లాయరు నంబరు ఒకటి నోటికి వచ్చి ఉండాలి. ఫోను మీ చేతిలో ఉండకపోవచ్చు.

9. కాగితం పోతే

1. ఆ రోజే దగ్గరి పోలీసు స్టేషన్లో రిపోర్టు ఇచ్చి కాపీ తీసుకోండి. తర్వాతి దరఖాస్తుల్లో దాన్ని అడగవచ్చు.
2. పాస్‌పోర్టు పోతే మీ రాష్ట్రం ఏ కాన్సులేట్ కిందికి వస్తుందో చూసి, పోయిన పాస్‌పోర్టు కింద దరఖాస్తు పెట్టండి. టెక్సాస్ వాళ్లకు హ్యూస్టన్, జార్జియా వాళ్లకు అట్లాంటా, వాషింగ్టన్ రాష్ట్రంవాళ్లకు 2023లో మొదలైన సియాటిల్. అత్యవసరంగా ఇండియా వెళ్లాలంటే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ అడగవచ్చు. దాంతో ఇండియా చేరతారు గానీ తిరిగి రాలేరు.
3. పాస్‌పోర్టుతో పాటు వీసా కూడా పోయినట్టే. అది ఇచ్చిన అమెరికా కాన్సులేట్‌కు (హైదరాబాద్ అయితే హైదరాబాద్‌కే) తెలియజేయండి. పోయిందని చెప్పాక మళ్లీ దొరికినా ఆ వీసా వాడకూడదు.
4. ఐ-94 సీబీపీ సైట్‌దైతే మళ్లీ ప్రింటు తీసుకోవడమే. ఐ-797ఏతో వచ్చింది పోతే ఐ-102 వేయాలి. అందుకే దాని రంగు స్కాను ముందే ఉండాలి.
5. గ్రీన్‌కార్డుకు ఐ-90. ఇండియాలో ఉండగా పోతే విమానం ఎక్కేందుకు ఐ-131ఏ వేసి అనుమతి తెచ్చుకోవాలి. దానికి కొన్ని రోజులు పడతాయి కాబట్టి టికెట్ తేదీ మార్చుకోండి.

10. క్యాలెండర్లో పెట్టుకోవాల్సినవి

- ఇంట్లో ప్రతి ఒక్కరి ఐ-94 చివరి తేదీ, దానికి ఆరు నెలల ముందు ఒక రిమైండరు. అమ్మానాన్నలదైతే రెండు నెలల ముందు.
- ప్రతి పాస్‌పోర్టు గడువుకు ఏడాది ముందు.
- లైసెన్సు గడువు. చాలా రాష్ట్రాల్లో మీ ఐ-94తోనే అదీ అయిపోతుంది. పొడిగింపు రాగానే ఐ-797 పట్టుకుని వెళ్లి మార్పించుకోవాలి.
- ఎఫ్-1 వాళ్లకు ఐ-20 మీద ప్రయాణ సంతకం ఏడాది చెల్లుతుంది, ఓపీటీలో ఉంటే ఆరు నెలలే.
- ఇల్లు మారిన 10 రోజుల్లోపు ఏఆర్-11 (చిరునామా మార్పు ఫారం). ఇమిగ్రేషన్ దరఖాస్తులు చూసే యూఎస్‌సీఐఎస్ సైట్‌లో ఉచితం, ఐదు నిమిషాల పని. ఇంట్లో ప్రతి ఒక్కరికీ విడిగా వేయాలి. విద్యార్థులు అదే పది రోజుల్లో కాలేజీ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి కొత్త చిరునామా ఇవ్వాలి. పోస్టాఫీసులో చిరునామా మార్చినంత మాత్రాన ఇది జరగదు.
- చిరునామా మారిన రోజే అమ్మానాన్నల కవర్లోని అట్టముక్క కూడా కొత్తది రాయండి.